తోక చివర నుంచి ఊపిరితిత్తి దాకా

బెల్జియంలోని హాసెల్ట్ ఊరికి 19వ శతాబ్దంలో సారా బట్టీలే బతుకుతెరువు. బట్టీలో మిగిలిన పిప్పితో గొడ్లను మేపి, బలిశాక అమ్ముకోవడం యజమానులకు పక్క వ్యాపారం. ఇరుకు కొట్టాల్లో ఒక గొడ్డు దగ్గడం మొదలుపెడితే పక్కవాటికీ అంటుకునేది. అలాంటి ఒక యజమాని కొడుకు లూయీ విల్లెమ్స్. ఆయన చదివింది మనుషుల వైద్యం. చచ్చిన పశువు ఊపిరితిత్తిలోని రసం తీసి, బాగున్న పశువుకు తోక చివర ఎక్కించి చూశాడు. తోక వాచేది, ఒక్కోసారి కుళ్ళి ఊడిపోయేది, కొన్ని పశువులు చచ్చిపోయేవి కూడా. బతికినవాటిని జబ్బు గొడ్ల మధ్య కట్టేస్తే మాత్రం చాలావాటికి ఏమీ కాలేదు. 1852లో ఆ సంగతంతా అచ్చు వేయించాడు.

విల్లెమ్స్‌ను అందరూ టీకా మనిషిగానే గుర్తుపెట్టుకున్నారు. ఈ శీర్షిక రాసేవాడికి ఆయన చేసిన రెండో పనే గొప్పగా కనిపిస్తుంది. టీకా వేసిన పశువును తీసుకెళ్ళి రోగం ఉన్న కొట్టంలోనే కట్టేయడం! పరీక్ష అంటే అదీ.

సీబీపీపీ అని పశువైద్యులు పిలిచే ఈ అంటు ఊపిరితిత్తుల జబ్బు మహా మొండిది. 1898లో పారిస్‌లో నోకార్, రూ అనే పరిశోధకులు దీని సూక్ష్మజీవిని పెంచగలిగారు. సన్నటి పొర సంచుల్లో పెట్టి, వాటిని కుందేలు కడుపులో దాచి పెంచారు. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవుల జాతిలో ప్రయోగశాలలో పెరిగిన మొదటి జీవి ఇదే. దీనికి కణ గోడ లేదు కాబట్టి పెన్సిలిన్ పని చేయదు. కుందేలు కడుపులో పెరిగింది కదా అని కుందేలుకు ఆ దగ్గు రాదు, ఎలుకకూ రాదు. పశువుకే అయినా చర్మం కింద సూది వేస్తే వాపు వస్తుంది తప్ప ఊపిరితిత్తి చెడదు. అందుకని కొత్త టీకాను పరీక్షించాలంటే పశువునే తేవాలి, రోగాన్ని గాలి దారిలోనే పంపాలి.

ఆ పంపడంలోనే పనితనమంతా ఉంది. కోడెకు మత్తు సూది వేసి, తల నిటారుగా పట్టుకుని, ముక్కులోంచి పొడవాటి ట్యూబును శ్వాసనాళం చీలేదాకా దింపుతారు. ముందు సూక్ష్మజీవి పెరిగిన కల్చర్ ద్రవం పోస్తారు, దాని వెనకే కాస్త అగార్ జిగురు. అది లేకపోతే పశువు ఒక్క దగ్గుతో అంతా బయటికి కక్కేస్తుంది. చివర్లో ట్యూబు కడిగేలా ఉప్పునీరు. ఆ రోజు నుంచి రోజూ జ్వరం చూడాలి, దగ్గు వినాలి, వారం వారం రక్తం తీయాలి. ఇంత చేసినా టీకా వేయని పశువుల్లోనూ కొన్నింటికి జబ్బు రాదు. అప్పుడు టీకా పని చేసిందో, రోగమే ఎక్కలేదో తేల్చడానికి పశువుల సంఖ్య పెంచడం తప్ప దారి లేదు.

రెండో పద్ధతి విల్లెమ్స్‌దే. జబ్బు గొడ్లనూ మంచి గొడ్లనూ ఒకే కొట్టంలో వదిలేసి కాచుకోవడం. ఇక్కడ రోగం తన ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది. మూడు వారాలు పట్టొచ్చు, మూడు నెలలు దాటొచ్చు. మేత ఖర్చు, కాపలా ఖర్చు చూసి నిధులిచ్చేవాళ్ళు మొహం చిట్లిస్తారు. అసలు పరిస్థితికి దగ్గరగా ఉండేది మాత్రం ఈ పద్ధతే.

చివరికి పశువును కోయాల్సిందే. తెరిస్తే ఛాతీలో గడ్డి రంగు నీరు లీటర్ల కొద్దీ ఉంటుంది, ఊపిరితిత్తి కోసిన చోట మొజాయిక్ గచ్చులా ఎరుపు, బూడిద రంగు ముక్కలుగా కనిపిస్తుంది. దాన్ని అంకెల్లోకి దించడానికి 1963లో ఆస్ట్రేలియాలో హడ్సన్, టర్నర్ అనే పరిశోధకులు ఒక లెక్క కట్టారు. మానుతున్న మచ్చకు 1, మిగతా వాటికి 2, సూక్ష్మజీవి దొరికితే ఇంకో 2. మచ్చ 5 సెంటీమీటర్లలోపైతే ఆ మొత్తం అంతే, 10 దాకా ఉంటే రెట్టింపు, దాటితే మూడింతలు. వెరసి 12కు మించదు. కొట్టంలో నెలల తరబడి దగ్గిన పశువు ఒక అంకె అయిపోవడం కాస్త కష్టంగానే ఉంటుంది. అయినా రెండు దేశాల టీకాలను పక్కపక్కన పెట్టి చూడాలంటే అలాంటి కొలబద్ద కావాలి.

ఆస్ట్రేలియా 1973లో ఈ జబ్బు నుంచి బయటపడింది. ఒకప్పుడు అస్సాంలో గొడ్లను పీడించిన ఈ రోగం ఇప్పుడు లేదని భారత్‌కూ 2007లో అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. ఆఫ్రికాలో మాత్రం ఇంకా ఉంది. టాంజానియాలో దొరికిన జీవిని గుడ్లలో 44 సార్లు మార్చి మార్చి పెంచి చేసిన టీ1/44 టీకానే అక్కడ నేటికీ ప్రధాన దిక్కు.

యాంటీబయాటిక్స్ వాడొద్దని అక్కడి అధికారులు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. పైకి కోలుకున్న పశువు లోపల రోగం దాచుకుని మందంతటికీ అంటిస్తుందని వాళ్ళ భయం. నమీబియాలోని కాప్రివిలో పరిశోధకులు జబ్బు గొడ్లకు డానోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి, వాటి మధ్య మంచి గొడ్లను వదిలారు. 2006లో ఫలితాలు అచ్చయ్యాయి. మందు ఇచ్చిన వాటి ఊపిరితిత్తులు ఇవ్వని వాటికంటే మెరుగ్గా ఏమీ లేవు. కానీ మందు పడిన పశువుల నుంచి పక్కవాటికి జబ్బు అంటడం బాగా తగ్గింది. స్కోరు అంకెలు మాత్రమే చూసి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.