సగంలో ఆగిన పుస్తకాలు

మన ఉద్యోగుల ఇళ్లలో, యువజన సంఘాల గదుల్లో రెండు పుస్తకాలు తరచూ కనిపిస్తాయి. ఒకటి అల్లం రాజయ్య, సాహు రాసిన 'కొమురం భీం' నవల. రెండోది ఆదిలాబాద్ రాజ్‌గోండుల గురించి హైమండార్ఫ్ 1948లో ప్రచురించిన ఇంగ్లీషు గ్రంథం. కొన్నవారిలో చివరిదాకా చదివినవారు తక్కువ. దీన్ని బద్ధకం అనేస్తే సరిపోదు.

కొనడానికి కారణం తెలిసిందే. అట్టమీద మన పేరుంది. బడి పుస్తకాల్లో మన ఊసు అరుదు కాబట్టి, అలాంటి పుస్తకం ఇంట్లో ఉండటమే గౌరవం అనిపిస్తుంది. ఇందులో తప్పేమీ లేదు.

ఆగిపోవడానికి కారణాలు వేరు. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, హైమండార్ఫ్‌ది ఇంగ్లీషు. పైగా ఆయన రాసింది పరిశోధకుల కోసం. మన గోత్రాలు, మన పెన్ పూజలే పరాయి మాటల్లో ఎదురైతే సొంత ఊళ్లో దారి తప్పినట్టుంటుంది. నవల తెలుగులోనే ఉంది. కానీ 1940లో జోడేఘాట్‌లో భీం నేలకొరిగాడని అందరికీ తెలుసు. 'తెలిసిన కథేగా' అని పక్కన పెడతారు.

ఈ మాట నిలవదు. పర్ధాన్లు కిక్రీ వాయిస్తూ చెప్పే పెద్దల కథల ముగింపు కూడా మనకు తెలుసు. అయినా తెల్లవార్లూ వింటాం. అక్కడ పదిమంది ఉంటారు, అడుగుతారు, సరిదిద్దుతారు. పుస్తకం దగ్గర మనిషి ఒంటరి. భీం ఎలా చనిపోయాడన్నది ఒక్క వాక్యం. అడవి మీద, భూమి మీద ఆంక్షలు ఒక మనిషిని అక్కడిదాకా ఎలా నడిపించాయో తెలియాలంటే మధ్య పేజీలు చదవాలి.

చదవకపోతే నష్టం ఇంకొకటుంది. హైమండార్ఫ్ నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా ఉండి మనవాళ్లకు భూమి పట్టాలు ఇప్పించారు, మార్లవాయిలో గోండి బడికి, ఉపాధ్యాయ శిక్షణకు పునాది వేశారు. అక్కడ ఏటా జనవరిలో ఆ దంపతులను తలచుకుంటాం. ఆ కృతజ్ఞత వేరు, ఆయన మన గురించి రాసింది సరిగ్గా ఉందా అని చూడటం వేరు. పూర్తిగా చదవనివాడు పొగడగలడు గాని ఒప్పుకోలేడు, కాదనలేడు. అప్పుడు మన గురించి బయటివారి మాటే చివరి మాట అవుతుంది.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. శనివారం సాయంత్రం పది పేజీలు చాలు. ఒకరు చదవాలి, ఒకరు గోండిలో చెప్పాలి. 'ఇది నిజమేనా?' అని ఊరి పెద్దలను అడగాలి. వాళ్లు చెప్పింది పిల్లల చేత ఆ పేజీ అంచున పెన్సిల్‌తో రాయించాలి. కొత్త పుస్తకం కొనేది ఆ తర్వాతే.