మిగిలిన రొట్టెకు పోపు

మిగిలినదాన్ని మళ్లీ వండేటప్పుడు నాకొక లెక్క ఉంది: కాపాడేదాని ఖరీదు కన్నా దానికి కలిపేవాటి ఖరీదు మించకూడదు. ఈ లెక్క పెట్టి చూస్తే, మిగిలిన బ్రెడ్డుతో కొత్త రుచులంటూ ఫోన్లలో తిరిగే వంటలు సగానికి సగం నిలబడవు. ఎండిన రెండు ముక్కలు పారేయడానికి మనసొప్పక నాలుగు గుడ్లు కొట్టి, చీజ్ తురిమి, మీగడ పోసి, ఓవెన్‌లో పెడతారు. బ్రెడ్డు దక్కింది సరే, నెల సరుకులకు చిల్లు పడింది. విందు చేసుకుంటే తప్పని నేననను. దానికి పొదుపు అని పేరు పెట్టడమే నాకు మింగుడుపడదు.

మా శక్తినగర్‌లో రొట్టె మిగలడం రోజూ ఉండే సంగతి. కర్ణాటక రాయచూరు జిల్లాలో, దేవసుగూరు పక్కన, కృష్ణ ఒడ్డున, థర్మల్ స్టేషన్ చుట్టూ పెరిగిన ఊరిది. మొదటి యూనిట్ 1985లో నడిచింది. ఇప్పుడు ఎనిమిది యూనిట్లు, మొత్తం 1720 మెగావాట్లు. బాయిలర్ రాత్రీ పగలూ చూడదు గనక మా వంటిళ్లకూ ఒక వేళంటూ లేదు. రాత్రి షిఫ్టు దిగొచ్చిన మనిషి తిని పడుకుంటాడో, తినకుండానే పడుకుంటాడో చెప్పలేం. కట్టిచ్చిన డబ్బా ఒక్కోరోజు మూత తీయకుండానే తిరిగొస్తుంది. ఆకలేస్తే ఉంటుందిలే అని రెండు రొట్టెలు ఎక్కువ చేయడం ఇక్కడి ఆడవాళ్లందరికీ అలవాటు. ఆ రెండే తెల్లారి సిబ్బిలో మిగిలి కనిపిస్తాయి.

వంతెన దాటితే తెలంగాణ: కృష్ణా స్టేషను, ఆ పైన మక్తల్. అటు నుంచి పెళ్లయి వచ్చిన నాలాంటివాళ్లకూ, ఇటు కన్నడ ఇళ్లకూ రోజూ జొన్నరొట్టే. జిల్లాలో ఇంకో రకం తెలుగువాళ్లున్నారు. 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయ్యాక, కాలువ నీళ్ల వెంబడి కోస్తా నుంచి వచ్చి సింధనూరు వైపు పొలాలు కొని క్యాంపులు కట్టుకున్నవాళ్లు. వాళ్లది వరి సంసారం. మిగిలేది అన్నం, దాని దారి చద్దన్నం. ఒక పెళ్లిలో పక్కన కూర్చున్న క్యాంపు ఆవిడ నన్ను అడిగింది: “అన్నమైతే నీళ్లు పోసి ఉంచుతామండీ. మీ రొట్టె తెల్లారేసరికి అట్టముక్క అయిపోతుందిగా, ఏం చేస్తారు?” మంచి ప్రశ్న. పెళ్లి భోజనాల దగ్గర సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ.

రొట్టె అట్టముక్క ఎందుకవుతుందో ముందు చూడాలి. గోధుమపిండిలా జొన్నపిండికి సాగే గుణం లేదు. గోధుమలో ఉండే గ్లూటెన్ జొన్నలో ఉండదు. అందుకే మసిలే నీళ్లు పోసి కలుపుతాం. ఆ వేడికి పిండిపదార్థం కొంత ఉడికి జిగురెక్కుతుంది. అరచేతి మొదలుతో ఎంత మర్దిస్తే రొట్టె అంచు అంత తక్కువ పగులుతుంది. తట్టిన రొట్టెను పొడిపిండి పైకి వచ్చేలా పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన తుడిచి, ఆ తడి ఆరగానే తిప్పాలి. చివర్న మంట మీద పొంగించాలి. పెనం మీద నుంచి దిగిన రొట్టె గుడ్డలా మడతపడుతుంది. చల్లారే కొద్దీ లోపల ఉడికిన పిండి మళ్లీ గట్టిగా అల్లుకుంటుంది. దానికి తోడు మా రాయచూరు ఎండ. ఏప్రిల్‌లో రొట్టె మీద గుడ్డ కప్పడం మరిచిపోతే మధ్యాహ్నానికి అప్పడమే.

అంటే నిన్నటి రొట్టె చెడిపోయింది కాదు, గట్టిపడింది. గట్టిపడిన దానికో గుణముంది: తడి పీల్చుకుంటుంది, అయినా తొందరగా కరిగిపోదు. వేడి రొట్టెను మజ్జిగలో వేయండి, కాసేపట్లో జావ. నిన్నటి రొట్టెను తుంచి వేయండి, ముక్క ముక్కగానే ఉండి లోపలంతా పులుపెక్కుతుంది. మా అమ్మ దీన్నే సద్దిరొట్టె అనేది. పల్చని మజ్జిగ, ఉప్పు, చేత్తో నలిపిన ఉల్లిగడ్డ, ఒక పచ్చిమిరపకాయ. ఎండాకాలం పొద్దున ఇంతకన్నా నాకేమీ అక్కర్లేదు. కొత్తగా కొన్నది ఒక్కటీ లేదు.

రెండోది పోపు. ఇది మా ఇంట్లో రొట్టె మిగలకపోయినా కావాలని మిగిల్చి చేయించుకునే వంట. రొట్టెను చిన్న ముక్కలుగా తుంచి, మజ్జిగ కలిపిన నీళ్లు చిలకరించి, మూతపెట్టి పక్కన పెట్టాలి. నీళ్లు పోయకూడదు, చిలకరించాలి. ముక్క వంగితే చాలు, మెత్తబడక్కర్లేదు. నూనెలో ముందు పల్లీలు, అవి వేగాక ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన ఎల్లిపాయ, కరివేపాకు. ఉల్లిగడ్డ ధారాళంగా, ఇంత పసుపు. అప్పుడు రొట్టె ముక్కలు వేసి చిన్న మంట మీద కలుపుతూ ఉంటే కొన్ని మెత్తగా, కొన్ని అంచులు కరకరలాడుతూ వస్తాయి. అన్నీ ఒకేలా వస్తే రుచి పోయినట్టే. జొన్నరొట్టెలో ఉప్పుండదు గనక పోపులో ఉప్పు సరిపడా పడాలి. కొందరు చివర్న చింతపండు పులుసు చుక్క వేస్తారు, కొందరు చక్కెర. చక్కెర సంగతి నేను మాట్లాడను.

మూడో దారిలో రొట్టెను కాల్చేటప్పుడే పూర్తిగా ఎండబెట్టేస్తాం. ఇక్కడ కడక్ రొట్టె లేని కిరాణా కొట్టు ఉండదు. పల్చగా తట్టి, సన్నని సెగ మీద గుడ్డ ఉండతో ఒత్తుతూ తడంతా పోయేదాకా కాలిస్తే అది వారాల తరబడి నిలవుంటుంది. మామూలు రొట్టెను ఎండలో పెడితే కడక్ రొట్టె కాదు, వంకరపోయి పళ్లకు పని చెబుతుంది. పల్చదనం తట్టేటప్పుడే రావాలి. ఈ ప్రాంతంలో యెళ్ల అమాసకు పొలానికి వెళ్లి, భూమికి నైవేద్యంగా చరగ చల్లి, అందరూ కలిసి తింటారు. ఆ పండక్కి నువ్వులద్దిన సజ్జరొట్టెలు, జొన్నరొట్టెలు ముందు రోజుల నుంచే చేసి ఎండబెట్టుకుంటారు. రేపటికి మిగలాలనే చేసే రొట్టెలవి.

తియ్యటి దారి మలీద. రొట్టె నలిపి, బెల్లం, నెయ్యి, యాలకులు కలిపి ముద్ద చేస్తాం. పీర్ల పండక్కి చేస్తారు, సద్దుల బతుకమ్మకు తెలంగాణలో నైవేద్యంగానూ పెడతారు. దేవుడికి పెట్టేది అప్పుడే కాల్చిన రొట్టెతో. పిల్లలకు పెట్టేది నిన్నటిదైనా ఎవరూ అడగరు. కన్నడ ఇళ్లలో ముటగి అని మరొకటుంది: రొట్టె, ఎల్లిపాయ, కారం, నూనె కలిపి రోట్లో దంచేది. అది మాత్రం పెనం మీద నుంచి దిగిన వేడి రొట్టెతోనే. చల్లారిన రొట్టెతో ప్రయత్నించి రోకలిని తిట్టుకోకండి.

ఇదంతా నా మనసులో నానుతుండగానే డాలస్ నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. “చిన్నమ్మా, ఇంగ్లిష్ మఫిన్లు ప్యాకెట్టుకు ఆరు వస్తయి. ఇద్దరమే ఉంటిమి. సగం ఎండిపోతున్నయి, ఏం చెయ్యాలె?” మఫినంటే నాకు బేకరీలో కాగితం గిన్నెలో వచ్చే తీపి కేకే తెలుసు. ఇది అది కాదట. వీడియోలో చూపించింది: అరచేయంత గుండ్రటి మందపాటి రొట్టె, పైనా కిందా గోధుమరంగు, నడుం చుట్టూ తెలుపు. చూడగానే తెలిసిపోయింది, పెనం మీద కాల్చిందని. ఈస్టుతో పులిసిన పిండిని గుండ్రంగా చేసి, పెనానికి అంటుకోకుండా మొక్కజొన్న రవ్వ చల్లి, రెండు వైపులా కాలుస్తారు. లండన్ వీధుల్లో తల మీద తట్ట పెట్టుకుని, గంట వాయించుకుంటూ అమ్మేవాళ్లు ఒకప్పుడు. 1874లో ఇంగ్లండ్ నుంచి న్యూయార్క్ వెళ్లిన శామ్యూల్ బాత్ థామస్ 1880లో అక్కడ బేకరీ పెట్టి దీన్ని అమెరికా వాళ్లకు అలవాటు చేశాడు. ఇప్పటికీ ఆయన పేరుతోనే ప్యాకెట్లు వస్తాయి. చాకుతో కోయకుండా ఫోర్కుతో చుట్టూ పొడిచి రెండుగా చీల్చాలట. అప్పుడు లోపలి గుంతలన్నీ తెరుచుకుని వెన్న పట్టుకుంటాయి.

“ఫ్రిజ్‌లనే పెట్టిన, అయినా గట్టిగైనయి” అంది. ఫ్రిజ్‌లో పెట్టడం వల్లే బిడ్డా అన్నాను. బ్రెడ్డు గట్టిపడేది తడి ఆరిపోయి మాత్రమే కాదు. గాలి చొరకుండా మూసిపెట్టినా గట్టిపడుతుందని, వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుందని ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త బూసాంగో 1852లోనే చూపించాడు. మన జొన్నరొట్టెలో జరిగేదే అందులోనూ: ఉడికిన పిండిపదార్థం తిరిగి అల్లుకోవడం. ఆ అల్లిక ఫ్రిజ్ చల్లదనంలోనే అన్నిటికన్నా తొందరగా సాగుతుంది. గడ్డకట్టే ఫ్రీజర్‌లో ఆగిపోతుంది. అరవై డిగ్రీలు దాటేలా వేడి చేస్తే విడిపోతుంది, చల్లారితే మళ్లీ మొదలవుతుంది. ఫ్రిజ్ బూజును ఆపుతుంది గానీ మెత్తదనాన్ని కాపాడదు. తినగలిగినన్ని బయట ఉంచి, మిగతావి చీల్చి ఫ్రీజర్‌లో పడేస్తే సగం ఇబ్బంది అక్కడే తీరుతుంది.

ఆమెకు ముందే తట్టింది డబుల్ కా మీఠా. హైదరాబాద్ పెళ్లి తిన్న పిల్ల కదా. 1956 దాకా మా రాయచూరూ హైదరాబాద్ రాష్ట్రంలోదే, ఆ వంట మాకూ కొత్త కాదు. పాత బ్రెడ్డుకు ఇంతకన్నా మంచి పెళ్లి ఎవరూ చేయలేరు. నేతిలో వేయించి, పాకంలో, కుంకుమపువ్వు వేసిన పాలలో నానబెట్టాలి. తాజా బ్రెడ్డు విచ్చిపోతుంది, పాతదైతే నిలబడి పీల్చుకుంటుంది. గుంతలున్న మఫిన్ ఇంకా బాగా పీల్చుకుంటుందనే నా నమ్మకం. మందం కాబట్టి అడ్డంగా పల్చగా కోసి, సన్నని సెగ మీద ఓపిగ్గా వేయించాలి. కానీ నెయ్యి, పాలు, చక్కెర, జీడిపప్పు, కుంకుమపువ్వు వేసి మూడు మఫిన్లు కాపాడానంటే నా లెక్క ఒప్పుకోదు. చుట్టాలొచ్చిన రోజు చేసుకో, పొదుపని మాత్రం చెప్పకు అన్నాను.

రోజూ చేసుకోవడానికి పోపే చెప్పాను. ముక్కలుగా తుంచి, నూనె లేకుండా ఉత్త పెనం మీద ముందు వేడెక్కించాలి. పులిసిన గోధుమ రొట్టె తడి తగిలితే పేస్టులా అంటుకుంటుంది గనక ఆ ముక్కలు కొంచెం బిగుసుకోవాలి. మజ్జిగ నీళ్లు మన రొట్టెకు వేసినన్ని వద్దు, ఉల్లిగడ్డ తడే దాదాపు సరిపోతుంది. ఉప్పు చూసి వెయ్యి, బ్రెడ్డులో ముందే ఉంటుంది. చివర్న నిమ్మకాయ. మరీ రాయిలా అయినవాటిని మిక్సీలో తిప్పి సీసాలో పోసుకుంటే ఆలుగడ్డ కట్లెట్లకు, జారిపోయిన వడపిండికి పనికొస్తాయి. సద్దిరొట్టెలా మజ్జిగలో మాత్రం వేయకు, ఆ ముద్దను తినడానికి మొహమాటం కావాలి.

దేశాలు వేరైనా పెనం రొట్టె తినేవాళ్లందరూ ఈ పోపు దగ్గరికే వచ్చినట్టున్నారు. మెక్సికోలో నిన్నటి మొక్కజొన్న రొట్టెలు వేయించి మిరప పులుసులో తిప్పి చిలకీలెస్ అంటారు. ఇథియోపియా వాళ్లు మిగిలిన ఇంజెరా తుంచి కారం మసాలాలో కలిపి ఫిర్‌ఫిర్ అంటారు, దాన్ని మళ్లీ తాజా ఇంజెరాలో పెట్టుకుని తింటారు. రొట్టెలోకి రొట్టే కూర! మహారాష్ట్రలో చపాతీ పోపు సరేసరి. వీళ్లెవరూ ఇంట్లో లేని సరుకు కోసం కొట్టుకు పరిగెత్తలేదు. కారం, పులుపు, నూనె. ఎక్కడైనా అవే.

ఇవన్నీ గట్టిపడిన రొట్టె సంగతులు. చెడిపోయిన రొట్టెకు ఏ పోపూ లేదు. బూజు ఒక మూల కనిపిస్తే ఆ మూల తుంచేసి మిగతాది వాడొచ్చనే వాళ్లున్నారు. మెత్తటి రొట్టెలో బూజు పోగులు కంటికి కనిపించేంత మేరే ఉండవు, లోపలికి పాకి ఉంటాయి. ఎండాకాలంలో బ్రెడ్డు తుంచితే జిగురు తీగలు సాగి, మగ్గిన పండు వాసన వస్తే అది ఒక బాక్టీరియా పని, వేడి చేసినా బాగుపడదు. అలాంటివి బర్రె కుడితిలో కలిపేయడం మా వైపు అలవాటు. బూజు విషం బర్రెకూ విషమే, కొన్ని రకాల విషం పాలలోకీ దిగుతుంది. అలాంటి రొట్టెలను గుంత తీసి పూడ్చేయండి.