ఆడడానికే ఒక చెయ్యి

కూచిపూడి నుంచి దక్షిణంగా చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటి నాగాయలంక వైపు పోతే వరిచేల పచ్చదనం తరిగి మడచెట్లు మొదలవుతాయి. పోటు తీసి, ఆటుకి నీరు జారిన ఒండ్రు మీదకి కలుగులోంచి వస్తావు నువ్వు, ఫిడ్లర్ పీతా! బొటనవేలి గోరంత నల్లని వీపు, దాని మీద తెల్లని చారలు. కాడల చివర నిక్కి చూసే కళ్ళు. ఒక పక్క నీ ఒంటిని మించిన డెక్క, లేత ఎరుపు, కొసలు తెలుపు. రెండో పక్క వెతికితే గాని కనబడని చిన్న డెక్క.

పెద్ద డెక్కను పక్కకి చాపుతావు. పైకెత్తుతావు. ముందుకి దించుతావు. మళ్ళీ చాపుతావు. పక్క కలుగువాడూ ఎత్తుతాడు, వాడి పక్కవాడూ ఎత్తుతాడు. ఆడది దగ్గరికొచ్చేసరికి చేతులన్నీ ఒకే తాళానికి లేస్తాయి. మీకు నట్టువాంగం పట్టేదెవరు? కూచిపూడిలో తరాల తరబడి మగవాళ్ళే జడ వేసుకుని సత్యభామలయ్యారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామ నడకకి దేశమంతా చేతులెత్తింది. నీకు జడ లేదు, గజ్జె లేదు. ఉన్నదల్లా ఆ ఒక్క చెయ్యి.

ఆ చేత్తో ముద్ద ఎత్తలేవు. నీ వంశంలో కొందరికి అది ఒంటి బరువులో సగానికి దగ్గర పడుతుంది. అయినా తిండికి పనికిరాదు. చిన్న డెక్కతోనే చిటికెడు బురద తీసి నోటికందిస్తావు. నోటి దగ్గరి సన్నని నూగు అందులోని నాచు కణాలను జల్లించి లోపలికి పంపుతుంది, మిగిలిన మట్టి చిన్న ఉండై పక్కకి చేరుతుంది. ఆడది రెండు చేతులా తింటుంది. నువ్వు ఒంటిచేత్తో, ఎక్కువసేపు తిని కడుపు నింపుకుంటావు. సగం ఆకలిని ఆటకి రాసిచ్చేశావు. నేను నీకు మొక్కేది అక్కడే.

పోరులో ఆ డెక్క తెగిపోతే మళ్ళీ మొలుస్తుంది. కొత్తది పొడవులో తీసిపోదు గాని తేలిక, పట్టు తక్కువ. ఎదుటివాడు చూసి ఆ తేడా పట్టలేడు. శాస్త్రవేత్తలు దీన్ని మోసమన్నారు. నాకు అలా అనబుద్ధి కాదు. బలం పోయినా భంగిమను కాపాడుకున్నావు.

'ఇన్వెస్టిగేటర్' సర్వే ఓడలో వైద్యుడిగా, ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా మన సముద్రాలు తిరిగిన ఆల్కాక్ కూడా నిన్ను చూసి నిలబడిపోయాడు. ఆ రంగు డెక్క పోరుకే కాదు, ఆడదాన్ని మురిపించడానికీ అని పోల్చుకున్నాడు.

ఆడది మాత్రం ఆట చూసి సరిపెట్టుకోదు. ఒక్కో గుమ్మం దగ్గర ఆగి, లోపలికి దిగి, కలుగును చూసి, నచ్చకపోతే వెళ్ళిపోతుంది. నచ్చితే ఉండిపోతుంది. గుడ్లను పొట్ట కింద పొదువుకుని రెండు వారాలు చీకట్లో గడిపి, పెద్ద పోటు వచ్చే రాత్రుల్లో పిల్లలను నీటికి వదులుతుంది.

నువ్వు తవ్వే కలుగుల్లోంచే ఊపిరాడని ఆ బురదలోకి గాలి దిగుతుంది, మడ వేళ్ళకి అందుతుంది. 1977 నవంబరు 19న ఉప్పెన మింగిన దివిసీమకి మడచెట్టు విలువ ఒకరు చెప్పాలా? అయినా మడ కొట్టి రొయ్యల చెరువులు తవ్వాం. గట్టు వేసిన చోటికి పోటు రాదు. పోటు రాని చోట నువ్వుండవు. ఆ గట్లు చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. ఉన్న మడనైనా ఉండనివ్వమని మావాళ్ళని అడుగుతూనే ఉంటాను.

ఆడది వదిలాక సముద్రంలోకి కొట్టుకుపోయిన నీ పిల్లల్లో ఎక్కువ భాగం చేపల పాలవుతాయి. బతికినవి కొన్ని వారాలకి పోటుతోపాటే ఒండ్రు వెతుక్కుంటూ వస్తాయి. మగపిల్లకి మొదట తేడా ఏమీ ఉండదు, రెండు డెక్కలూ తినడానికే. తర్వాత ఒకటి పెరగడం మొదలుపెడుతుంది. కొందరికి కుడిది, కొందరికి ఎడమది.