ఊ కొట్టేవాడు ఎక్కడున్నాడు?

బుర్రకథలో కథకుడికి రెండు పక్కలా ఇద్దరు వంతలుంటారు. ఒకడిది రాజకీయం, ఇంకొకడిది హాస్యం. కథ నడిపేది కథకుడే అయినా, వంతలు మధ్యలో అడ్డుపడి అడక్కపోతే, అందుకుని తాళం వెయ్యకపోతే అది రెండడుగులు కూడా సాగదు. నానమ్మ చెప్పే కథకైనా ఊ కొట్టే మనవడు కావాలి. మరి కథ అచ్చులోకి వచ్చాక ఈ ఊ కొట్టేవాడు ఏమైపోయాడు? ఈమధ్య ఒక వరసంటూ లేకుండా చేతికందిన పుస్తకమల్లా చదువుతుంటే నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. మంచి వచనం రాసిన తెలుగువాళ్లెవరూ అతన్ని వదులుకోలేదనీ, ఎవరికి వీలైన చోట వాళ్లు కూర్చోబెట్టుకున్నారనీ నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'లో అతను ఎదురుగానే కనిపిస్తాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న వీరాస్వామయ్య 1830 మేలో బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారిలో చూసినవన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాస్తూపోయాడు. 1838లో వాటిని అచ్చువేయించింది ఆ పిళ్లగారే. అందుకే ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఏ దారి పల్లకీ మోసే బోయీలకు కష్టం లాంటివన్నీ, రేపు అదే తోవన రాబోయే మనిషికి చెప్పినట్టు చెబుతాడు. క్షేత్రమాహాత్మ్యాల దగ్గర నేను పేజీలు తిప్పేశాను. నీళ్ల కబుర్ల దగ్గర మాత్రం ఆగి ఆగి చదివాను.

మొక్కపాటి నరసింహశాస్త్రిది ఇంకో తంత్రం. 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రవాడు ఇంగ్లండు ప్రయాణం కట్టి, ఆడవాళ్ల టోపీ కొనుక్కుని పెట్టుకుంటాడు. అదంతా ఎప్పుడో అయిపోయాక చెబుతున్నా, అప్పుడు తనకు తెలియని సంగతి ఇప్పటికీ తెలియనట్టే చెబుతాడు. కన్ను గీటడు. నవ్వే పని పూర్తిగా మనకే వదిలేస్తాడు. తరవాతి భాగాల్లో పార్వతీశానికి లోకజ్ఞానం వచ్చింది, నాకు సరదా తగ్గింది.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి దగ్గరకొచ్చేసరికి కథ చెప్పేవాడు అసలు గదిలోంచి లేచి వెళ్లిపోతాడు. ఇద్దరు మాట్లాడుకుంటూ ఉంటారు, మనం గుమ్మం పక్కన చేరి వింటూ ఉంటాం. ఆయన కథల్లో చాలాచోట్ల పేజీలకు పేజీలు మాటలే. ఎవరు అన్నారో, ఏ ముఖం పెట్టి అన్నారో చెప్పే వాక్యాలు బహు తక్కువ. అయినా తికమకపడం. ఒకరు "అండీ" అంటారు, ఒకరు "ఏమే" అంటారు. ఒకరి మాట సాగదీసినట్టుంటుంది, ఇంకొకరిది తుంచేసినట్టుంటుంది. ఆ పిలుపుల్లోనే వయసూ, చుట్టరికమూ, ఎవరిది పైచెయ్యో తెలిసిపోతాయి. దబాయిస్తూ మొదలుపెట్టిన మనిషి బతిమాలుకునే దాకా వచ్చాడని రచయిత మనకు చెప్పడు, పిలుపు మారుతుంది. ఇంత పని పిలుపులతో చేయించుకున్న వచనం నేను ఇంకెక్కడా చదవలేదు. 'వడ్లగింజలు'లో చదరంగపుటెత్తులు నాకు సగమే అర్థమయ్యాయి, అయినా కథ ఒక్క క్షణం చేజారలేదు. ఎత్తుల కంటే ఆడేవాళ్ల మాటలే పందెం నడిపిస్తాయి మరి. ఆయన స్వీయచరిత్ర 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' కూడా ఇదే చేత్తో రాసిందే. కాకపోతే అక్కడ తన అభిమానాలూ పట్టుదలలూ కాస్త ఎక్కువసేపే వినాల్సొస్తుంది.

రావిశాస్త్రి విశాఖపట్నంలో ప్లీడరు. ఆయన పుస్తకంలో వినేవాడు కోర్టు చుట్టుపక్కలే ఉంటాడు. 'ఆరు సారా కథలు'లోని 'మాయ'లో ముత్యాలమ్మ కొత్త ప్లీడరుకు లోకం తీరు చెబుతుంది. చదువుకున్నవాడు నోరు మూసుకుని వినాల్సిన స్థితి అది. పోలీసులూ, ప్లీడర్లూ, కోర్టులూ ఆమె నోట్లో పడి ఒక్కొక్కటిగా పొట్టు రాలుతుంటే, నోట్లో మాటలేని ఆ ప్లీడరు స్థానంలో నేను కూర్చున్నానని తెలిసి ఇబ్బందిపడ్డాను. 'అల్పజీవి'లో ఉపమానాలు మాత్రం కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకుంటాయి. సుబ్బయ్య భయం నిజమైనది. దానికి అన్ని అలంకారాలు అక్కర్లేదు.

నామిని 'పచ్చనాకు సాక్షిగా' చదివాక చిత్తూరు జిల్లా మాట చెవిలో చాలాసేపు ఉండిపోతుంది. అయితే ఆ పుస్తకం బలం యాస ఒక్కటే కాదు. అమ్మ కష్టాన్ని కొడుకు చెబుతున్నప్పుడు, ఆ ఊరి సంగతులు ముందే తెలిసినవాళ్లకు చెప్పినట్టే చెబుతాడు. పట్నంవాళ్ల కోసం దేనికీ వివరణ ఇచ్చుకోడు, జాలి అడగడు. ఆయన తరవాత యాసలో రాసినవాళ్లు కొందరు పలుకుబడులు ఏరుకున్నారు గానీ, ఈ బిర్రు పట్టుకోలేదు. నాలుగు పేజీలయ్యేసరికి మాట సొంతవూరిదే అయినా చూపు పట్నంవాళ్ల మీద ఉందని పట్టుబడిపోతుంది.

కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో ముసలివాడి పక్కన మనిషి లేడు. అడవి, రాత్రి, పందీ, దాని పిల్లలూ. మొదట్లో నాకు విసుగు పుట్టిన మాట నిజమే. పోనుపోను ఆ ముసలాయన తనలో తాను అనుకునేవాటికి నేనే ఊ కొడుతున్నట్టు తోచింది.

చాసో దగ్గర ఈ లెక్కంతా తిరగబడుతుంది. 'వాయులీనం'లో భార్య జబ్బు నయంకావడానికి ఇంట్లో ఉన్న ఫిడేలు అమ్మేస్తారు. అంతటి సంగతిని ఆయన చిన్న చిన్న వాక్యాల్లో చెప్పి చక్కాపోతాడు. ఊ కొట్టడానికి సందు దొరకదు, ఓదార్చడానికి అసలే దొరకదు. ఈ పుస్తకాలన్నీ వరసగా చదవాలనుకునేవాళ్లు చాసోను ఆఖర్న పెట్టుకోండి. ఆయన వెంటనే ఎవర్ని చదివినా, శ్రీపాదనైనా సరే, కాసేపు వాగుడుకాయల్లా కనిపిస్తారు.