దారి రాసే పిల్లకి

తిరువళ్ళూరు దాటాక కడంబత్తూరు, మణవూరు, తిరువాలంగాడు, మోసూరు, పులియమంగళం. అరక్కోణంలో పట్టాలు ఉత్తరానికి మళ్ళితే తిరుత్తణి. ఈ పేర్లన్నీ అష్టోత్తరంలా నోటికి వచ్చిన పిల్లా, నోటుబుక్కు ఒకటి, నీళ్ళ సీసా ఒకటి సంచిలో పడేసుకుని లోకల్ ఎక్కేదానా! పెద్దవాళ్ళు దండం పెడితే చిన్నవాళ్ళకి ఆయుక్షీణమంటారు గనక నీకు పెట్టను. నీ నోటుబుక్కుకి పెడతాను.

ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, రైల్లో రెండూ. పళ్ళిపట్టు వైపు మరమగ్గాల చప్పుడులో పెరిగిన నీకు పరాయి ఊరు ఎక్కడ మొదలవుతుందో ఇప్పటికీ తెలీదు. తెలియకపోవడమే నీ భాగ్యం. మీ తాత చిత్తూరు జిల్లాలో పుట్టాడు, అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, తాత ఆంధ్రావాడయ్యాడు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది, తాత మళ్ళీ అటువాడయ్యాడు. ఇంత జరిగినా ఆయన అరుగు దిగలేదు. ఊరు ఉన్నచోటే ఉంది, గీతే నడిచింది. ఆ గీత కోసం మ.పొ. శివజ్ఞానం అటు నుంచి పోరాడాడు, ఇటువాళ్ళూ ఊరుకోలేదు. ఎవరి కోపం వాళ్ళది. నువ్వు ఆ గీతని టిక్కెట్టు చేతబట్టుకుని దాటుతావు, అటు టీ కొట్లో ఒక భాష, ఇటు టీ కొట్లో ఒక భాష మాట్లాడి రెండుచోట్లా చిల్లర సరిగ్గా లెక్కపెట్టుకుని వస్తావు.

ఈ దారి రాతలో నీకు పెద్దలున్నారు. ఒంటరిదానివనుకోకు.

మొదటి పెద్ద ఆడమనిషి. రైలు తిరువాలంగాడులో ఆగినప్పుడు తలుచుకో. కారైక్కాల్ అమ్మ కైలాసాన్ని కాలితో తొక్కకూడదని తలకిందులై, చేతుల మీద నడిచి ఎక్కిందట. అక్కడి నుంచి తిరువాలంగాడుకి వచ్చి, నటరాజు తాండవాన్ని కళ్ళారా చూస్తూ, ఆ మర్రి అడవినీ వల్లకాటినీ పాటల్లో రాసిపెట్టింది. అందమైన చోట్లే రాయాలని నీతో ఎవరన్నా అంటే ఈవిడ పేరు చెప్పు. దయ్యాలనీ ఎండిన కట్టెలనీ రాసిన యాత్రికురాలు ఆవిడ. ఈ కాలంలో ఫొటో తీయడానికి పనికిరాని చోటు కవితకి పనికొస్తుందని ఆవిడకి అప్పుడే తెలుసు.

రెండో పెద్ద ముత్తుస్వామి దీక్షితులు. తిరువారూరులో పుట్టి, పడుచువయసులో గురువు వెంట కాశీ వెళ్ళి, కొన్నేళ్ళుండి తిరిగొచ్చినవాడు. తిరుత్తణి కొండ మీద ఓ ముసలాయన ఆయన నోట్లో పటికబెల్లం పెట్టి మాయమయ్యాడని, ఆ తీపితోనే తొలి కృతి వచ్చిందని కథ. మాయామాళవగౌళలో ‘శ్రీనాథాది గురుగుహో’. సంగీతం నేర్చే ప్రతి పిల్లా సరళీ స్వరాలు మొదలుపెట్టే రాగమది. ఆ తర్వాత ఆయన ఊరూరా తిరిగాడు. కంచి, తిరువణ్ణామలై, చిదంబరం, తిరువారూరు. వెళ్ళిన చోటల్లా అక్కడి దేవుణ్ణి, తీర్థాన్ని, స్థలపురాణాన్ని కృతిలో పొదిగాడు. నా లెక్కలో ఆయన యాత్రా రచయితే, కాకపోతే కాగితం బదులు వీణ. ఆ కృతులు కాలంలో కొట్టుకుపోకుండా సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో అచ్చువేయించాడు. చూశావా, మళ్ళీ మన అక్షరాల్లోకే వచ్చాడు.

మూడో పెద్ద ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న చెన్నపట్నం నుంచి పరివారంతో బయల్దేరి తిరుపతి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకుని తూర్పుతీరం వెంట 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. అప్పటికాయనకి యాభై ఏళ్ళు. పల్లకీ మనిషి, నీ కాళ్ళ నొప్పులు ఆయనకి తెలియవు. అయినా ఆయన్ని మన్నించు. ఎందుకంటే ఏ మజిలీకి వెళ్ళినా ముందు రాసుకున్నవి ఏమిటి? నీళ్ళు బాగున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి నీడ ఉందా, దారి రాళ్ళా ఇసకా. తన వెనక రాబోయే ముసాఫరు మొహం ఆయన కళ్ళ ముందుంది. 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ పుస్తకమయ్యే నాటికి ఆయన లేడు. రాసిన నీళ్ళూ నీడలూ ఉన్నాయి.

నీ నోటుబుక్కు నేను చూశాను. ఎడమ పేజీ వీరాస్వామయ్యది, కుడి పేజీ దీక్షితులది. ఎడమవైపు ఇలా ఉంది: తిరుత్తణి కొండకి మెట్లు 365, చెప్పులు కిందే వదలాలి, పదింటికే రాయి కాలుతుంది, ఆడికృత్తికకి వెళ్ళేవాళ్ళు రాత్రే చేరుకోవాలి. కుడివైపు అదే రోజు: పూల కావడి మోస్తున్న మనిషి భుజం మీద తడిసిన తువ్వాలు, దాని అంచున చీమ. గుండు చేయించుకున్న చంటివాడి తల నిండా చందనం, అది ఎండి పగుళ్ళిచ్చింది, వాడు వేలితో గీరి నాకుతున్నాడు. సంహారం ముగించి కోపం చల్లారి కూర్చున్న కుమారస్వామి కనక ఈ ఊళ్ళో శూరసంహారం ఆడరు. ఆ మాట రాసి కింద గీత గీశావు.

తిరువళ్ళూరు పేజీలో వీరరాఘవుడు పడుకునే ఉన్నాడు. వైద్యుడని పేరు, లేచి నాడి చూడడు, అమావాస్యకి జనమే ఆయన దగ్గరికొస్తారు. హృత్తాపనాశిని పుష్కరిణి మెట్ల మీద ఓ ముసలమ్మ బెల్లం ముక్క నీళ్ళలో వదిలి, అది పూర్తిగా కరిగేదాకా కదలలేదు. చుట్టూ తోసుకుంటున్నారు, కోడలు పిలుస్తోంది, ఆవిడకి పట్టలేదు. రోగం అలా కరగాలని మొక్కట. ఆవిడకి ఏ రోగమో నువ్వు అడగలేదు. అడగనందుకు నిన్ను మెచ్చుకున్నాను.

ఈ నేల యాత్రికులకి కొత్త కాదులే. అత్తిరంపాక్కంలో 1863లో బయటపడిన రాతి గొడ్డళ్ళ చోటుకి ఇప్పుడు కట్టిన వయసు సుమారు 15 లక్షల ఏళ్ళు. కొసస్తలై ఒడ్డున ఎవరో కూర్చుని, రాయి చెక్కి, లేచి ఎటో వెళ్ళిపోయారు. 1888లో తిరుత్తణిలో తెలుగింట పుట్టిన రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డు దాకా, మాస్కో దాకా వెళ్ళి ఢిల్లీలో రాష్ట్రపతి అయ్యాడు. వెళ్ళడం ఈ ఊరికి అలవాటే.

నీ కోరికలు పెద్దవి. వీరాస్వామయ్య దారినే కాశీకి, పల్లకీ లేకుండా, కొంత బస్సు, కొంత నడక. ఆయన నీళ్ళు బాగున్నాయన్న ప్రతి చెరువూ ఇప్పుడు ఎలా ఉందో చూడాలి. ఆ పుస్తకం తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి, రెండూ నువ్వే రాయాలి. అడ్డాలూ చిన్నవి కావు. ఆడపిల్ల ఒక్కతే వస్తే గది లేదనే లాడ్జీలున్నాయి, ‘ఎందుకమ్మా ఈ తిరుగుడు’ అనే పెద్దమ్మలున్నారు. 2021 నుంచి తమిళనాట మామూలు టౌను బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు డబ్బుల్లేవు. ఆ మేరకు మీ అమ్మ చేతి ఖర్చు తగ్గింది, నీ దారి పెరిగింది. లాడ్జీ సంగతి కూడా ఎడమ పేజీలోనే రాయి, ఎక్కడ గది ఇచ్చారో, ఎక్కడ ఇవ్వలేదో. నీ వెనక వచ్చే పిల్లకి అది చెరువు నీళ్ళంత ముఖ్యం.

వచ్చేవారం ఊత్తుకోట వైపు అన్నావు కదా. మంచిది. శ్రీశైలంలో బయల్దేరి సోమశిల, కండలేరు దాటి, 1996లో మొదటిసారి పూండి చేరిన కృష్ణ నీళ్ళు తమిళనాట అడుగుపెట్టేది ఊత్తుకోట దగ్గరే. గట్టు మీద ఓ గంట నిలబడు. కాలువలో నీళ్ళున్నాయా, ఉంటే ఏ రంగు, దగ్గర్లో నీడ ఏ చెట్టుది, మధ్యాహ్నానికి తినడానికి ఏం దొరుకుతుంది, ముందు అవి రాయి. పాట తర్వాత. వెనక్కొచ్చే ఆఖరి బస్సు ఎన్నింటికో మాత్రం మర్చిపోకు.