రంగు ఆఖరి పని

మామూలు కారు బానెట్ ముందు వైపు నుంచి పైకి లేస్తుంది. స్టాండర్డ్ హెరాల్డ్‌ది అద్దం దగ్గర లేచి, మడ్‌గార్డులూ హెడ్‌లైట్లతో సహా ముందుకు వాలిపోతుంది. ఇంజను, రేడియేటరు, స్టీరింగ్ రాడ్లు, ముందు చక్రాల స్ప్రింగులు అన్నీ ఒక్కసారే కళ్ళబడతాయి. ముందు టైరు మీద కూర్చుని తాపీగా కార్బురేటర్ విప్పుకోవచ్చు. కారు పని రానివాడు ఇంటి దగ్గరే ఓ పాత బండి బాగుచేసుకోవాలనుకుంటే, దీనంత దయగల కారు మన దేశంలో మరొకటి తయారు కాలేదని నా నమ్మకం.

గుడియాత్తంలో మా ఇంటి పక్క సందులో, రేకుల కింద, ఇప్పుడు ఓ హెరాల్డ్ ఉంది. వేలూరులో ఒక డాక్టరు గారి కుటుంబం దగ్గర కొన్నాను. అంతకుముందు నాకు కారు నడపడమే తెలుసు. ఈ పనిలో దిగాక తోటివాళ్ళని చాలామందిని చూశాను. ఉత్సాహంగా విప్పుతారు, సగంలో ఆపుతారు, ఆఖరికి తూకానికి అమ్మేస్తారు. డబ్బు చాలక ఆపేశామంటారు. నేను చూసినంతలో మాత్రం వాళ్ళని ఆపింది పని వరస. ముందు చేయాల్సింది వెనక్కి పోయి, ఆఖర్న చేయాల్సింది ముందుకొస్తుంది. కొన్న వారంలోనే కొత్త రంగు గురించి మాట్లాడే మనిషిని చూస్తే నాకు ఆ కారు మీద బెంగ పుడుతుంది.

హెరాల్డ్ ఇంత సులువుగా విడిపోవడానికి కారణం దాని పుట్టుకలో ఉంది. ఇంగ్లండులో కోవెంట్రీ నగరంలోని స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీకి బాడీలు చేసిపెట్టే ఫిషర్ అండ్ లడ్లో సంస్థను 1953లో పోటీదారైన బీఎంసీ కొనేసింది. మొత్తం బాడీని ఒకే ముక్కగా చేసిచ్చేవాళ్ళు కరువయ్యారు. దాంతో కింద విడిగా ఇనుప ఛాసిస్ పెట్టి, వేరువేరు చోట్ల తయారైన భాగాలను దానిమీద బోల్టులతో బిగించే పద్ధతి పట్టుకున్నారు. రూపం దిద్దింది ఇటలీ డిజైనర్ జొవాన్నీ మికెలోట్టి. 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ వచ్చింది. 1961 నుంచి మద్రాసు శివార్లలో, వండలూరు వైపున్న తమ ఫ్యాక్టరీలో, స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా దీన్ని స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారుచేసింది. కలకత్తా నుంచి అంబాసిడర్, బొంబాయి నుంచి ఫియట్, మద్రాసు నుంచి హెరాల్డ్: 1983 డిసెంబరులో మారుతి 800 రాకముందు మన రోడ్ల మీద కారంటే చాలా ఏళ్ళపాటు ఈ మూడే. 1972లో హెరాల్డ్‌ని మార్చి గెజెల్ అన్నారు. 1977కి అదీ ఆగింది. అంబాసిడర్ 2014 వరకూ వచ్చింది కాబట్టి దాని సామాను ఇంకా దొరుకుతోంది. హెరాల్డ్‌కి ఆ అదృష్టం లేదు.

అయినా ఇది మన పక్కింటి కారే. లూకాస్ టీవీఎస్ 1961లో, బ్రేక్స్ ఇండియా 1962లో మద్రాసు పాడిలో మొదలయ్యాయి. అంటే హెరాల్డ్ తయారైన కాలమూ, దక్షిణాదిలో కారు విడిభాగాల పరిశ్రమ వేళ్ళూనుకున్న కాలమూ ఒకటే. ఆ ఫ్యాక్టరీల చుట్టూ పని నేర్చిన మనుషులు కొందరు వేలూరు, ఆర్కాడు వైపు వచ్చి షెడ్లు పెట్టుకున్నారు. నాకు పని చూపించిన పెద్ద మేస్త్రీ వాళ్ళలో ఒకరు. కారు చూడగానే నేను ఇంజను గురించే అడిగాను. ఆయన వంగి చక్రం వెనక చూసి, "ఇంజను ఎప్పుడైనా పలుకుతుంది నాయనా. బ్రేకు చూడు ముందు" అన్నారు.

బ్రేకు దగ్గరికొచ్చేముందు స్పేనర్ల మాట చెప్పాలి. కొత్తవాళ్ళు ఎక్కువ పాడుచేసేది ఇక్కడే. ఇది అంగుళాల బండి. నట్లు ఏడు బై పదహారు, అర అంగుళం, తొమ్మిది బై పదహారు కొలతల్లో ఉంటాయి. మన ఇళ్ళలో ఉండేవి మిల్లీమీటరు స్పేనర్లు. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు స్పేనర్ దానికి దాదాపు సరిపోతుంది. ఏళ్ళ తరబడి తుప్పుతో బిగుసుకున్న నట్టు మీద ఆ దాదాపు చాలదు, మూలలు అరిగి తల గుండ్రమైపోతుంది. ఆ తర్వాత ఉలీ సుత్తీ, గ్యాస్ మంటా తప్పవు. మంచి అంగుళాల రింగ్ స్పేనర్ల సెట్టు కారు మీద పెట్టే మొదటి ఖర్చు కావాలి. విప్పేముందు రోజూ కాస్త చొరబడే నూనె పోసి వదిలేయాలి. ఓపిక ఉన్నచోట బలం అక్కర్లేదు.

విప్పినవి భద్రపరచడానికి మా ఊరే సాయపడింది. గుడియాత్తం అగ్గిపెట్టెల ఊరు కదా, ఖాళీ పెట్టెలకు కొదవలేదు. డోరు హింజి స్క్రూలు, వైపర్ నట్లు, వాషర్లు ఒక్కో పెట్టెలో వేసి, మీద ఏ చోటివో రాసి, విప్పిన వరసలోనే అరలో పేర్చాను. మగ్గం విప్పి మరో ఇంటికి మార్చే నేతగాళ్ళు ప్రతి కర్రకీ గుర్తు పెట్టుకుంటారు. కారుకీ అంతే. ఫోటోలు ఎన్ని తీసినా చేతిరాత గుర్తు ఇచ్చే ధైర్యం వేరు.

ఇక బ్రేకులు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, అన్నిటికీ ఒకే మాస్టర్ సిలిండర్. ఒక్క చోట ఫ్లూయిడ్ కారిపోతే నాలుగూ పోతాయి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే ఆ తేమకి సిలిండర్ లోపల తుప్పు పడుతుంది, రబ్బరు కప్పులు ఉబ్బి చచ్చుబడతాయి. అందుకే ఇక్కడ ఏదీ తుడిచి మళ్ళీ బిగించవద్దు. సిలిండర్లు, కప్పులు, పైపులు, హోస్‌లు అన్నీ మార్చాల్సిందే. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము విప్పి గాలి కొట్టడం, నోటితో ఊదడం ప్రమాదం. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారేయాలి.

గాలి తీసే పనికి ఇద్దరు కావాలి. మా మేనల్లుడు సీటులో కూర్చుని పెడల్ తొక్కేవాడు, నేను చక్రం దగ్గర నిపుల్ వదులు చేసేవాణ్ణి. "తొక్కి పట్టు... వదలొద్దు... ఇప్పుడు వదులు." సీసాలోకి దిగిన గొట్టంలో మొదట అంతా నురగే. వెనక ఎడమ చక్రం నుంచి మొదలుపెట్టి ఒక్కో చక్రం దాటుతుంటే బుడగలు తగ్గుతూ వచ్చాయి. చివరి చక్రం దగ్గర వాడు "మామా, గట్టిపడింది!" అని అరిచిన అరుపు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. ఇంజను ఇంకా పలకలేదు. అయినా అది బండి అయిందని నాకు అనిపించింది ఆ క్షణంలోనే.

బ్రేకు తర్వాతి స్థానం ట్రనియన్‌ది. హెరాల్డ్ గురించి ఒక్కటే తెలుసుకుంటామంటే నేను ఇదే చెబుతాను. ముందు చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కడ్డీ కింది కొసకి మరలుంటాయి. అవి ఇత్తడి జాతి లోహపు దిమ్మెలోకి దిగుతాయి. ఆ దిమ్మే ట్రనియన్. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ కడ్డీ ఆ మరల మీదే తిరుగుతుంది. దానికి పోయాల్సింది ఈపీ 90 గేర్ ఆయిల్. చాలా షెడ్లలో అక్కడ గ్రీజు కొడతారు. గ్రీజు మరల అడుగుదాకా పారదు, ఎండి గట్టిపడుతుంది, నీళ్ళు చేరతాయి, కనబడని చోట తుప్పు ఉక్కుని తినేస్తుంది. ఒకనాడు మలుపు తిప్పుతుండగా కడ్డీ విరిగి చక్రం పక్కకి ఒరిగిపోతుంది. ఎడమ వైపుకి ఎడమ మరలు, కుడి వైపుకి కుడి మరలు. అటుదిటు బిగించకూడదు.

ఇక్కడ లేత్ పనివాళ్ళ చేతులు గొప్పవి. ఏ బుష్ అరిగినా నమూనా చూసి చేసిస్తారు. అయినా ఆ నిలువు కడ్డీని మాత్రం లేత్ మీద చేయించకూడదు. అది పోత పోసి, కోసి చేసేది కాదు, వేడిచేసి కొట్టి మలిచిన ఉక్కు. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారుకీ ఇదే తరహా సస్పెన్షన్ ఉండటం వల్ల ఇంగ్లండులో కొత్త ట్రనియన్లు ఈనాటికీ తయారవుతున్నాయి. తెప్పించుకోవడానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు రంగు డబ్బులోంచి తీసి పెట్టినా తప్పులేదు. మిగతా చిల్లర సామానుకి చెన్నై పుదుపేట ఉంది. అక్కడ మన చేతిలో పాత ముక్క లేకపోతే ఎవరూ ఏమీ వెతకలేరు, పట్టుకెళ్ళాలి.

తుప్పు సంగతికొస్తే మన ప్రాంతపు ఎండ మనకి మేలే చేసింది. సముద్రగాలి తగిలిన మద్రాసు కారు కన్నా వేలూరులో ఎండిన కారు నేల గట్టిగా ఉంటుంది. చూడాల్సింది పైన మెరిసే రేకుని కాదు. డోర్ల కింది పట్టీలు, ఛాసిస్ నుంచి పక్కలకి వచ్చే ఇనుప చేతులు, డిక్కీ నేల, వీటిని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. గుచ్చుకుంటే అక్కడ వెల్డింగ్ కావాలి. కోసేముందు డోర్లు బిగించే ఉంచి, సందులు కొలిచి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. లేదంటే బాడీ వంగి డోరు మళ్ళీ సరిగ్గా పడదు. పుట్టీతో నింపి రంగేస్తే చూపుకి బాగానే ఉంటుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి లోపలి తుప్పు బయటికొస్తుంది.

ఇంజను నిజంగానే పలికింది, మేస్త్రీ అన్నట్టే. 948 సీసీ, నాలుగు సిలిండర్లు, 1-3-4-2 ఫైరింగ్ వరస, అర్థమయ్యే ఇంజను. ఇప్పటి పెట్రోలే దానికి కొత్త. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. పాత హెడ్‌లో వాల్వు సీట్లు సీసం ఆసరాతో బతికినవి, హెడ్ విప్పినప్పుడే గట్టి సీట్లు వేయించుకోవడం మేలు. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. అది పాత రబ్బరు గొట్టాలనీ, పంపులోని డయాఫ్రమ్‌నీ మెత్తబరుస్తుంది, ట్యాంకులో తేమను పట్టి ఉంచుతుంది. ఇథనాల్ తట్టుకునే గొట్టాలు వేసుకోవాలి. ఎక్కువ కాలం ఆపేస్తే ట్యాంకు ఖాళీ చేసి పెట్టాలి.

సీట్ల దగ్గర నాకు పెద్ద ఆశే కలిగింది. పేర్నంబట్టు, ఆంబూరు, రాణిపేట తోళ్ళ శాలలు పక్కనే ఉన్నాయి. అసలు సిసలు తోలు వేయించుకోవచ్చు. వేయించలేదు. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇల్లు కొనుక్కున్న కారు ఇది. రెక్సినే దాని బట్ట. చిరిగినచోట కుట్టించి, కూలిన స్ప్రింగులు సరిచేయించాను. డాక్టరు గారి పిల్లలు గీసిన పెన్ను గీత ఒకటి వెనక సీటు మీద అలాగే ఉంది. ఉండనిచ్చాను.

కాగితాల సంగతి కొనకముందే చూసుకోవాలి. ఆర్సీ మీద ఛాసిస్ నంబరూ, బండి మీది ప్లేటూ కలవాలి. కేంద్రం 2021 జులైలో తెచ్చిన నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్‌నీ బాడీనీ ఇంజనునీ పెద్దగా మార్చని బండికి వింటేజ్ గుర్తింపు వస్తుంది. నంబరులో వీఏ అక్షరాలుంటాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కి రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. అయితే ఆ నంబరుతో ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, మరమ్మతుకీ తప్ప రోజూ తిరగకూడదు. నేను మామూలు రిజిస్ట్రేషనే పునరుద్ధరించుకునే దారిలో ఉన్నాను. నా బండి కేవీ కుప్పం, లత్తేరి మీదుగా కాట్పాడి పోయి, రైల్లో వచ్చే చుట్టాలని ఎక్కించుకు రావాలి. నాకు కావాల్సింది అదే.

రంగు ఇంకా వేయలేదు. రెడ్ ఆక్సైడ్ పూతతోనే ఉంది. వైరింగు పూర్తయ్యి, ఓ వానాకాలం తడిసి, ఎక్కడ నీరు కారుతోందో తెలిశాక వేయిస్తాను.

చివరిగా చిత్తూరు, పలమనేరు, వేలూరు చుట్టుపక్కల పాఠకులకి ఓ విన్నపం. మీ తాతగారి షెడ్డులో హెరాల్డో గెజెలో ఉంటే, నడవకపోయినా సరే, తూకానికి వేయకండి. ఇనుము ధరకి మీకొచ్చేది కొంచెమే. దాని ముందు అద్దం, బానెట్ హింజీలు, నిలువు కడ్డీలు, డాష్‌బోర్డు మీటర్లు ఇంకో బండిని రోడ్డెక్కిస్తాయి. అమ్మక తప్పని పరిస్థితైతే పాత ఇనుము బండివాణ్ణి పిలిచేముందు ఈ పత్రికకి ఒక కార్డు ముక్క రాయండి. వచ్చి తీసుకెళ్ళేవాళ్ళని వెతికిపెట్టే పూచీ నాది.