కీలో లేని జవాబు

మూడు నుంచి ఐదో తరగతి దాకా సైన్స్ అంటే పరిసరాల విజ్ఞానమే. ఎన్టీపీసీ టౌన్‌షిప్ జ్యోతినగర్ పిల్లలకు ఆ పరిసరాల్లో లేనిదేముంది? సింగరేణి బొగ్గుతో నడిచే ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల కేంద్రం ఒకవైపు. దాని రిజర్వాయర్ నీళ్ల మీదే 2022 నుంచి తేలుతూ కరెంటిస్తున్న 100 మెగావాట్ల సోలార్ పలకలు ఇంకోవైపు. ఇంత ప్రయోగశాల కళ్లముందుంటే, పరీక్షలో మనం అడిగేది ‘బొగ్గు ఒక ______ ఇంధనం’ అన్న ఖాళీ.

ఈమధ్య ఓ బడిలో నాలుగో తరగతి ప్రాజెక్టు కాగితాలు తిరగేశాను. రెండు తెల్ల అట్టముక్కలకు కొబ్బరినూనె రాసి, ఒకటి వీధి కిటికీలో, ఒకటి పెరట్లో పెట్టాలి. మర్నాడు దేనికి ఎక్కువ దుమ్ము పట్టిందో, ఎందుకో రాయాలి. కీ ప్రకారం వీధివైపు ఎక్కువ, కారణం వాహనాలు. ఒక పాప మాత్రం పెరట్లోనే ఎక్కువ అని రాసింది. కింద ఇంకో ముక్క: ‘పొద్దున మా అమ్మ పెరడు ఊడ్చింది. అందుకే కావచ్చు.’ సున్నా పడింది. మిగతా అందరూ వీధివైపే అన్నారు. వాళ్లలో సగంమంది అట్ట పెట్టనే లేదని నా అనుమానం. అక్షరాలు మాత్రం ముత్యాలే. ప్రాజెక్టుల్లో అమ్మానాన్నల చేతిరాత గుర్తుపట్టడం ఏ టీచరుకూ కొత్త కాదు.

నాకైతే ఆ సున్నా కాగితంలోనే సైన్స్ కనబడింది. చూసింది చూసినట్టు రాసింది, అనుకోనిది ఎదురైతే కారణం వెతికింది, ‘కావచ్చు’ అని అక్కడ ఆగింది. ఊడ్వకముందే అట్ట తీసి చూస్తే ఏమవుతుందన్నది మిగిలింది. అది చేయించాల్సింది టీచరు.

నిరంతర సమగ్ర మూల్యాంకనం 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ప్రశ్నించడం, ప్రయోగాలు చేయడం మన విద్యాప్రమాణాల్లోనూ ఉన్నాయి. కాగితం మీద మనకెప్పుడూ లోటు లేదు, రిజిస్టర్ నింపడంలోనే పొద్దు గడిచిపోతోంది. చేసి చూపినవాళ్లూ ఉన్నారు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌ జిల్లాలో మొదలైన సైన్స్ కార్యక్రమంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలను పుస్తకాలు ముందు పెట్టుకొనే పరీక్ష రాయనిచ్చారు, ప్రయోగం చేయించి మార్కులేశారు. పల్లెటూరి సర్కారు బళ్లలోనే సుమా!

తనిఖీకి వెళ్లే అధికారులకు ఒక్కటే మనవి. సిలబస్ ఎంతయిందని తర్వాత అడగండి. ఈ నెలలో పిల్లలు అడిగిన ప్రశ్నలు రాసిపెట్టిన నోటుబుక్కేదని ముందు అడగండి.